పొగడ్తల నడుమ పూర్ణం

ఉద్యోగం కొత్తగా దొరికిన రోజుల్లో మనిషికి రెండు రోగాలుంటాయి. తనకంతా తెలుసనుకోవడం ఒకటి, శిక్షణలో చెప్పిందంతా నిజమనుకోవడం ఇంకొకటి. నాకు రెండూ కలిసే వచ్చాయి. పెనుకొండ నుంచి రోజూ బస్సులో ధర్మవరం వెళ్లి, ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాణ్ని. దసరాలోగా యజమాని మెచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. అంతలో హిందూపురంలో శిక్షణకు పంపారు. అక్కడొక మేడమ్, పిల్లల తప్పు మొహం మీదే చెప్పకూడదనీ, ముందొక పొగడ్త, వెనకొక పొగడ్త పెట్టి, తప్పును ఓళిగలో పూర్ణంలా నడుమ దాచాలనీ సెలవిచ్చారు. (ఓళిగలో తీపంతా పూర్ణంలోనే కదా మేడమ్, అని అడిగే ధైర్యం లేకపోయింది. మధ్యాహ్నం భోజనం బాగుండడం కూడా ఒక కారణం.)

మర్నాటి నుంచి నా తరగతిలో ఓళిగల వంట మొదలైంది. ముందు బెంచీలో ఒకడు కూర్చున్నంతసేపూ మగ్గం తొక్కుతున్నట్టు కాళ్లు ఆడిస్తూనే ఉండేవాడు గనుక అందరూ వాణ్ని మగ్గం అనేవారు. వాడు బోర్డు మీద భిన్నాల లెక్క తప్పుగా చేస్తే, "చాక్‌పీసు ఎంత చక్కగా పట్టుకున్నావు నాయనా" అన్నాను. కొన్నాళ్లకే వాడికి గుట్టు తెలిసిపోయింది. నేను పొగడబోతే చాలు, లెక్క చెరిపేసి "యాడ తప్పొచ్చింది సార్?" అనేవాడు. లెక్క సరిగ్గా చేసిన ఒక పిల్లను "చాలా బాగుందమ్మా" అంటే, "మిగిలింది కూడా చెప్పేయండి సార్" అని ఏడుపు అందుకుంది. మిగిలిందేమీ లేదంటే నమ్మలేదు.

దసరా ముందు యజమాని రానే వచ్చాడు. (పట్టుచీరల అంగడి ఆయనది. బడి కట్టడం కూడా ఆయనదే కాబట్టి చదువు గురించి ఆయనకు తెలియంది లేదు.) పాఠం అయ్యాక మగ్గాన్ని లేపి, "ఏమబ్బా, ఈ సారు ఎట్ల చెప్తాడు?" అన్నాడు.

వాడు చేతులు కట్టుకుని, "సారు చొక్కా బాగుంటాది సార్" అన్నాడు. తర్వాత ఏమొస్తుందో ఆ గదిలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"లెక్క మాత్రం మాకు అర్థం కాదు. సారు నవ్వు శానా బాగుంటాది."

యజమాని వాణ్ని దగ్గరికి పిలిచాడు. "ఇంత మర్యాదగా మాట్లాడేది నీకు ఎవురు నేర్పించినారురా?"

"ఈ సారే సార్."

ఉద్యోగం ఖాయమైంది, లెక్కలు చెప్పినందుకు కాదు, మర్యాద నేర్పినందుకు. ఆ సాయంత్రం మగ్గాన్ని ఆపి, "యాడ అర్థం కాలేదురా?" అన్నాను. "భిన్నాల్లో కింది అంకెలు ఎందుకు ఒకటే చేస్తాండామో మీరు చెప్పనే లేదు సార్" అన్నాడు, ముందూ వెనకా ఏ పొగడ్తా లేకుండా. నా బస్సు వెళ్లిపోయేదాకా ఇద్దరం బోర్డు దగ్గరే ఉన్నాం. ఇప్పుడు నా తరగతిలో తప్పును తప్పనే అంటాను, ఎక్కడ తప్పిందో చూపించి మళ్లీ చేయిస్తాను. అయినా ఎవరైనా చొక్కా బాగుందంటే, తర్వాతి మాట కోసం ఇప్పటికీ ఆగిపోతాను. నవ్వు గురించి మగ్గం చెప్పింది నిజమా, పద్ధతా అని మాత్రం వాణ్ని ఇంతవరకూ అడగలేదు.