ముందే చెల్లించిన స్తోత్రం

మా చెల్లెలు జర్మనీకి వెళ్లింది ఒక్క సెమిస్టరు చదువుకోవడానికి. తిరిగి రావడానికే వెళ్లింది. ఆ సంగతి తను ఎన్నిసార్లు చెప్పినా మా ఊళ్లో ఎవరికీ ఎక్కలేదు. ఫారిన్ అంటే పోవడమే గానీ రావడం ఉంటుందని మావాళ్లు ఎరగరు.

మాది పెనుకొండకూ రొద్దానికీ మధ్య ఒక పల్లె. మా నాయన మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచేవాడు, పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్లో అమ్మేవాడు. నాకు పసితనంలోనే పోలియో వచ్చి కాలు సన్నబడింది. బడికి పంపలేక అమ్మే ఇంట్లో బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పింది. చదవడం వచ్చినందుకు నేను ఈనాటికీ ప్రభువుకు వందనాలు చెప్పుకుంటాను. చెల్లెలు మాత్రం పెనుకొండలో ఇంటరు, హిందూపురంలో డిగ్రీ చేసి, 2000 దాటిన కొత్తలో యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి చేరింది. రెండో ఏడాదిలో తనను జర్మనీకి ఎంపిక చేశారు. ఖర్చంతా అక్కడి యూనివర్సిటీదే.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థనలో అడిగింది దొరికిందని తెలియగానే కృతజ్ఞత కూడిక పెట్టాలి. ఆలస్యం చేస్తే దేవుని మేలును తేలిగ్గా తీసుకున్నట్టు. తను విమానం ఎక్కకముందే నాయన పొట్టేలును కోసి, ఊరందరినీ పిలిచాడు. గోరంట్ల నుంచి మా మేనత్త వచ్చింది.

"ఏమ్మే, ఆడికి పోయి తెల్లగా అయిపోతే మమ్మల్ని గుర్తు పడతావా?" అంది అత్త.

"ఎండలో తిరగకుంటే నువ్వూ తెల్లగానే ఉంటావులే అత్తా" అంది చెల్లెలు. అందరం నవ్వాం.

పాస్టరయ్యగారు మోకరించి, ఈ బిడ్డను పరదేశంలో స్థిరపరచినందుకు స్తోత్రం చెల్లించారు. ఆమేన్ అన్నాం. చెల్లెలు నా చెవి దగ్గరకు వంగి, "అక్కా, స్థిరపడతానని అయ్యగారికి ఎవురు చెప్పినారు? సంక్రాంతి పోయినాక వచ్చేస్తా కదా" అంది.

అక్కడి నుంచి ఆదివారాలు ఫోను చేసేది. నాయన ఒకటే అడిగేవాడు.

"మంచు పడతాండాదా?"

"పడతాండాది నాయనా."

నాయన ఫోను చేతిలో పట్టుకునే మావైపు తిరిగి, "మంచంట!" అనేవాడు. అక్కడ ఉండడమే సుఖమని ఆయన నమ్మకం. చెల్లెలి గొంతు వారం వారం సన్నబడుతున్నట్టు అమ్మకూ నాకూ అనిపించింది. చలి కదా అనుకున్నాం.

తను వచ్చిన రోజు నాయనా నేనూ హిందూపురం స్టేషనుకు వెళ్లాం. రైలు దిగిన మనిషిని నేను ముందు గుర్తుపట్టలేదు. దవడలు పీక్కుపోయి, కళ్లు ఎక్కడో లోపలికి పోయాయి. నాయన పెట్టె అందుకుంటూ, "ఎన్ని దినాలమ్మా సెలవు?" అన్నాడు.

"సెలవు కాదు నాయనా. అయిపోయింది."

బస్సులో ఆయన పెట్టెను ఒళ్లో పెట్టుకుని కిటికీ బయటికే చూశాడు. మేము దిగిన సాయంత్రానికే ఊళ్లో, "పంపించేసినారంట" అన్న మాట పుట్టింది.

ఆ చలికాలం ఎలా గడిచిందో తను నాకు కొంచెం కొంచెంగా చెప్పింది. హాస్టల్లో ఎవరి గది వాళ్లది, ఎవరి తలుపు వాళ్లు మూసుకునేవాళ్లు. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయన్నారు, సగం వాళ్ల భాషలోనే జరిగేవి. మధ్యాహ్నం దాటితే చీకటి. ఆదివారం చర్చికి వెళితే అంత పెద్ద గుడిలో నలుగురు ముసలివాళ్లు, పలకరించేవారు లేరు. ఎవరితోనూ ఒక్క మాట లేకుండా రోజులు గడిచేవి. తర్వాత మంచం దిగడమే మానేసింది. పరీక్షలు పోయాయి. ఫారిన్లో చదివితే ఆ మార్కులు ఇక్కడ వాటంతటవే కలుస్తాయని మేమనుకున్నాం. ఆ సబ్జెక్టులు పాసైతేనే కలుపుతారట. ఇప్పుడు జూన్‌లో మళ్లీ చేరి, జూనియర్లతో కూర్చుని ఆ సెమిస్టరు చదివితే గానీ డిగ్రీ చేతికి రాదు.

"చేరతా అక్కా. ముందు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకపొమ్మను నాయన్ని. నా తలకాయ నా మాట వినడం లేదు" అంది.

అమ్మ ఆ మాట నాయనకు చెప్పింది. ఆయన గొంతు పెంచలేదు.

"స్తోత్రం చెల్లించేసినాం. ఇప్పుడు అది మేలు కాదని చెప్తే దేవునికి ఇచ్చింది వెనక్కి గుంజుకున్నట్టు కాదా? పాపను సాక్ష్యం చెప్పమను. అంతా సర్దుకుంటుంది."

ఆదివారం కూడికలో అయ్యగారు, "రామ్మా, దేవుడు ఆడ నీకు చేసిన మేలు చెప్పు" అని పిలిచారు. చెల్లెలు కొంగు నిండుగా కప్పుకుని నిలబడింది.

"అయ్యగారూ, ఆడ నాకు సచ్చిపోవాలనిపించింది. ప్రార్థన కూడా మానేసినా. ఇప్పటికీ బాగా లేదు. నాకు వైద్యం కావల్ల. నేను మళ్లా చదువుకోవల్ల."

వెంటనే అయ్యగారు, "విడిపించిన ప్రభువుకు స్తోత్రం" అని పాట ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు. తను చెప్పింది ఆ పాటలో కలిసిపోయింది. బయటికొచ్చాక అత్త, "అంత మంది ముందర ఆ మాట ఏమిటికమ్మే? మీ నాయన మొగం చూసినావా?" అంది.

తర్వాత అమ్మా నేనే తనను హిందూపురంలో డాక్టరుకు చూపించాం. మాత్రలిచ్చాడు. నిద్ర పట్టింది, అన్నం సయించింది. ఆ డాక్టరును నేను ప్రతి రోజూ ప్రార్థనలో తలచుకుంటాను. జూన్ వచ్చేసరికి తను పుస్తకాలు తెరిచింది. మళ్లీ చేర్చుకోవాలంటే తండ్రి స్వయంగా వచ్చి సంతకం పెట్టాలన్నారు, కానీ నాయన యూనివర్సిటీకి రానన్నాడు.

"ఫారిన్ పోయొచ్చిన పిల్ల చిన్నపిల్లోళ్ల పక్కన కూర్చుంటే నేను మార్కెట్లో తల ఎట్ల ఎత్తల్ల?"

అమ్మ బతిమాలింది. నేనూ బతిమాలాను. చేరడానికి ఆఖరి రోజు పొద్దున చెల్లెలు తలస్నానం చేసి, సంచి సర్దుకుని గడప దగ్గర కూర్చుంది. పెనుకొండ బస్సు వచ్చింది, పోయింది. మధ్యాహ్నం బస్సు కూడా పోయింది. అప్పుడు తను లేచి చీర మార్చుకుని, పట్టుపురుగుల షెడ్డులోకి వెళ్లి మల్బరీ ఆకు తరగడం మొదలుపెట్టింది. పిల్లపురుగుల దశ అది, ఆకు సన్నగా తరిగి వేయాలి.

నాయన తోటలోంచి వచ్చి తనను చూశాడు. చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇంకో కత్తి తెచ్చుకుని చెల్లెలి ఎదురుగా కూర్చుని, ఆయన కూడా ఆకు తరిగాడు.

బిడ్డ ప్రాణాలతో ఇంటికి వచ్చింది, అది చాలా గొప్ప మేలు. ఆ రోజు షెడ్డు బయట కూర్చుని దానికోసమే వందనాలు చెప్పబోయాను. లోపల రెండు కత్తుల చప్పుడు వినబడుతుంటే ఆ మాట మధ్యలోనే ఆపేశాను.