అరువిచ్చిన తాత

టైరు పంక్చరై బస్సు ఆగిపోయింది. ప్రయాణికులు దిగి రోడ్డు పక్క కల్వర్టు గోడ మీద వరసగా కూర్చున్నారు. డ్రైవరు జాకీ వెతుకుతున్నాడు, కండక్టరు డ్రైవర్ని తిడుతున్నాడు. గళ్ళ మాస్టారు చెప్పు విడిచి మడమ నొక్కుకుంటుంటే, పక్కనున్నావిడ సంచీలోంచి కవరు తీసింది.

"పెద్దాయనా, మీకు ఇంగ్లీషు చదవడం వచ్చా?"

వచ్చా అంటే, ముప్ఫయ్యేళ్ళు ఆయనకి అన్నం పెట్టింది అదే. పెద్దాఫీసు మెట్ల కింద మడతబల్ల వేసుకుని జనానికి ఇంగ్లీషు ఫారాలు నింపిపెట్టేవాడు. ఒక్కనాడూ బళ్ళో పాఠం చెప్పిన పాపాన పోలేదు. ఫారాల్లో గళ్ళు నింపుతాడు గనక గళ్ళ మాస్టారయ్యాడు.

ఆ గళ్ళలో జనాన్ని ఏడిపించేది పుట్టుపూర్వోత్తరాల గడి. పేరు, వయసు, చదువు ఎవరైనా చెబుతారు. ఆరిజిన్ ఏమిటంటే తెల్లమొహం వేస్తారు. ఇంగ్లీషువాడికి ఈ విషయంలో మాటల కరువు లేదు. ఆరిజిన్ అన్నమాట మనిషికీ వాడతాడు, ఓడ దిగిన చెక్కపెట్టెకీ వాడతాడు. డిసెంట్ అంటే దిగిరావడం. తాతలంతా మేడ మీద కూర్చున్నట్టూ, మనం మెట్లు దిగి వీధిన పడ్డట్టూ. ఎక్స్‌ట్రాక్షన్ అనీ అంటాడు. పన్ను పీకినా అదే మాట. వంశాల పటంలో గీసే గీత కొంగకాలులా ఉందని పెడిగ్రీ అన్నారట, ఇప్పుడది కుక్కలకీ గుర్రాలకీ దక్కింది. పాత మేడకి హెరిటేజ్ అని బోర్డు కట్టి మురిసిపోతారు గానీ, దాని గుమ్మం ముందు నిలబడ్డ మనిషిని మాత్రం ఆరిజిన్ ఏమిటని అడుగుతారు. మాస్టారు ఇన్నేళ్ళలో కనిపెట్టింది ఇదొక్కటే: లోపల కాళ్ళు చాపుకుని కూర్చున్నవాడి జోలికి ఈ మాటలు పోవు. తలుపు తట్టినవాడికే తగులుకుంటాయి.

కవర్లో రెండు కాగితాలున్నాయి. మొదటిది ఆఫీసు ఉత్తరం, అడుగున సంతకానికి గళ్ళతో సహా. రెండోది ఇరవయ్యేళ్ళ నాటి ఫారం నకలు. అందులో పెద్దక్షరాలకి కింద తోకలున్నాయి. అలా తోకలు పెట్టేది లోకంలో ఒక్కడే. మాస్టారు ఆ నకలుని ఉత్తరం కిందికి తోశాడు.

"ఏం రాశారండీ? మా సూపర్వైజరు చదివాడు గానీ వాడికీ నాకూ పడదు. వాడి మాట నమ్మలేను."

"పాత ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించారటమ్మా. నీ ఫారంలో ఉన్న తాత పేరే ఇంకా చాలామంది ఫారాల్లో ఉందట. నువ్వు ఆయన మనవరాలివేనని ఆయన రక్తసంబంధీకులు ఎవరైనా సంతకం పెట్టాలి. ఈ నెలాఖరులోగా. లేకపోతే ఉద్యోగం..."

"పోతుంది. వాడూ అదే చెప్పాడు. ఇన్నేళ్ళకి ఒక నిజం చెప్పాడన్నమాట!"

ఆమెది ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని. బ్లీచింగు నీళ్ళకి వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయాయి. తాతగారి ఊళ్ళో పెదనాన్న కొడుకో మేనత్త కూతురో దొరక్కపోతారా అని బయల్దేరింది.

"నన్ను హోములో పెంచారండీ. పసిగుడ్డుగా స్టేషన్లో దొరికానట. ఉద్యోగం ఫారంలో ఆ గడి ఖాళీగా ఉందని కిటికీలో గుమాస్తా మూడుసార్లు విసిరికొట్టాడు. మెట్ల కింద ఒక మహానుభావుడు ఉండేవాడు. ఏడవకమ్మా, రెండ్రోజులాగి రా అన్నాడు. హోము రిజిస్టర్లన్నీ తిరగేయించి తాత పేరూ ఊరూ పట్టుకొచ్చాడు. పడవలు చేసేవాడట మా తాత. ముక్కు ఇంత పొడుగట!" నవ్వింది. "మా అమ్మాయిదీ అదే ముక్కు. అద్దంలో చూసుకుని ఏడిస్తే, నోర్ముయ్యవే, అది మీ ముత్తాత ఇచ్చిన ముక్కు అన్నాను. అప్పట్నుంచి ఏడుపు మానేసింది."

మాస్టారి చెయ్యి తన ముక్కు మీదికి పోయింది.

మాస్టారు ఏ రిజిస్టరూ తిరగెయ్యలేదు. ఖాళీ గడి కనబడితే గుమాస్తా మిగతా ఫారం చదివేవాడే కాదు. నిండి ఉంటే అందులో ఏముందో చూసేవాడూ కాదు. అందుకని ఏమీ చెప్పుకోలేనివాళ్ళ గడిలో మాస్టారు తన తాత పేరు రాసేవాడు. "మా తాత ఎవరికీ అడ్డుచెప్పడు, వాడుకో" అని నవ్వేసేవాడు. ఈమె ఒక్కదానికే, ఆ ఏడుపు చూడలేక, తాత దొరికాడని చెప్పాడు.

"ఆ ఊళ్ళో ఇప్పుడెవరూ లేరమ్మా," అన్నాడు మాస్టారు. "ఇల్లు కూడా కూలిపోయింది. ఆయన మనవణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను."

ఆమె ఆయన మొహం కేసి, ముక్కు కేసి చూసి, గబుక్కున రెండు చేతులూ పట్టుకుంది. "అన్నయ్యా!" అంది. కల్వర్టు మీద వాళ్ళంతా తిరిగి చూశారు.

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. సంతకం పెట్టేసి, అన్నయ్యగా బస్సెక్కి కూర్చోవచ్చు. కానీ ఆ పాలిపోయిన వేళ్ళు వదలడం లేదు.

"నేను నీకు అన్నయ్యని కాను. మెట్ల కింద కూర్చున్నవాణ్ణి."

వేళ్ళు వదిలేశాయి.

"మరి ఆ రెండ్రోజులు?"

"ఊరికే కూర్చున్నాను."

"రిజిస్టరు?"

"లేదు."

"ముక్కు?"

"మాది."

డ్రైవరు టైరు దొర్లించుకుంటూ వాళ్ళ ముందు నుంచే పోయాడు. ఆమె తన వేళ్ళ కొసల కేసి చూసుకుంది. చివరికి, "ఉతికి ఉతికి గుర్తు చెరిగిపోయిన దుప్పట్లు వస్తుంటాయి మాకు," అంది. "ఏ వార్డువో తెలీదు. ఏ వార్డుకి తక్కువైతే ఆ వార్డు రంగు దారం కుట్టి పంపేస్తాం. దుప్పటి అడగదు కదా. నేను దుప్పటినా?"

మాస్టారు జేబులోంచి పెన్ను తీశాడు. "సంతకం పెడతాను."

"తెలిస్తే మిమ్మల్ని లోపలేస్తారు."

"వేస్తే వేశారు."

"ఇంకెంతమందికి ఇచ్చారు ఆయన్ని?"

"నలభై మంది ఉంటారు."

"వాళ్ళకీ కవర్లు వచ్చుంటాయి," అంది ఆమె.

ఆ మాట మాస్టారికి అప్పటిదాకా తట్టనేలేదు. తోకల అక్షరాలతో పేరు రాసి, సంతకం పెట్టాడు. ఇక ఒక్క గడి మిగిలింది. సంతకం చేసినవారికి ఏమవుతారు అన్న గడి. పెన్ను దాని మీద నిలబడిపోయింది. ముప్ఫయ్యేళ్ళలో ఆయన ఖాళీగా వదిలిన గడి లేదు. కాగితం, పెన్ను ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఇది నువ్వే రాసుకో. లేదా చించెయ్యి. నేను రాయను."

ఆమె రాయలేదు. చించనూ లేదు. "ఉద్యోగం సంగతి సరే. మా అమ్మాయికేం చెప్పను?"

కండక్టరు బస్సు రేకు మీద కొట్టి అందర్నీ ఎక్కమని కేకేశాడు. జనం కల్వర్టు దిగి తోసుకున్నారు. మెట్ల కింద బల్ల తీసేసి నాలుగేళ్ళయింది. అయినా కవర్లు పట్టుకున్నవాళ్ళు ముందు వెతుక్కుంటూ వచ్చేది అక్కడికే. మాస్టారు చెప్పు తొడుక్కున్నాడు. బస్సు వైపు పోకుండా, వచ్చిన దారినే వెనక్కి, పెద్దాఫీసు కేసి, ఎండలో కుంటుకుంటూ నడవడం మొదలుపెట్టాడు.

"ఏమండీ!" వెనకనుంచి ఆమె కేక వినిపించింది. "మీ పెన్ను!"

ఆయన తిరిగి చూడలేదు.