కాలు నీది, నువ్వే జెప్పు

మొన్న పొద్దున అశోక్‌నగర్ నుంచి ఫోన్ వచ్చింది. ఒకప్పుడు నేను కిరాయికున్న ఇంటి ఓనరు, పెద్దమ్మ, నిద్రలోనే పోయిందని పక్కింటావిడ చెప్పింది. ఆఫీసులో సెలవడిగితే "ఆమె మీకేమవుతారు?" అన్నారు. సెలవు చీటీలో ఆ చోటు ఖాళీగా వదిలి బస్సెక్కాను.

పోటీ పరీక్షలకు చదువుకుందామని పాలమూరు నుంచి పట్నం వచ్చి ఆమె మేడమీది గదిలో దిగాను. నాకు అమ్మానాన్నా లేరు. ఆమెకు భర్త పోయాడు, పిల్లల్లేరు. అయినా చాన్నాళ్ళు నీళ్ళ మోటారు గురించి తప్ప పెద్దగా మాట్లాడుకోలేదు.

ఒకరోజు నారాయణగూడ చౌరస్తాలో ఒక కంపెనీ వ్యాను నన్ను గుద్దింది. మోకాలి కింద ఎముక విరిగింది. కంపెనీ మేనేజరు తమకు తెలిసిన నర్సింగ్‌హోమ్‌లో చేర్పించి ఆపరేషన్ చేయించాడు. నెలలు గడిచినా కాలు మోపలేకపోయాను. అక్కడి డాక్టరు మాత్రం ప్రతిసారీ "అతుక్కుంది, నీకు భయం అంతే" అనేవాడు.

గదిలో ఒక్కదాన్నే పడుకుని ఉంటే పెద్దమ్మ కింది నుంచి చీపురుకర్రతో పైకప్పును కొట్టేది. నేను గ్లాసుతో నేలమీద తిరిగి కొడితేనే ఆమెకు నిమ్మళం.

వేరే డాక్టరుకు చూపించుకుంటానని చెప్పగానే మేనేజరు ఇంటికొచ్చాడు. "మా డాక్టర్ దగ్గర్నే చూపించుకోవాలె. బయటికి పోతే నష్టపరిహారం కేసు నిలవదమ్మా" అన్నాడు.

పెద్దమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "గుద్దింది మీ బండి. ఇరిగింది ఈ పిల్ల కాలు. డాక్టర్‌ను గుడ మీరే చూస్తరా? ఏ కోర్టు జెప్పింది గట్ల?"

అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మరునాడు నన్ను ఆటోలో హిమాయత్‌నగర్ తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు నా ముఖమైనా చూడకుండా మందులు రాశాడు. చిక్కడపల్లిలో ఒక డాక్టరమ్మ మాత్రం వేలితో మెల్లగా నొక్కుతూ ఎక్కడెక్కడ నొస్తోందో అడిగింది. ఏమంటావన్నట్టు నేను పెద్దమ్మ వైపు చూశాను.

"నన్ను జూస్తవేంది? కాలు నీది. ఎవరికి జూపించుకుంటవో నువ్వే జెప్పు."

గుద్దిన రోజు నుంచి ఆ మాట నన్నడిగినవాళ్ళు లేరు. "ఇక్కడే" అన్నాను.

ఎముక అతుక్కోలేదని ఎక్స్‌రేలో తేలింది. రెండో ఆపరేషన్ తర్వాత మెల్లగా నడిచాను. నష్టపరిహారం కేసు విచారణకు వచ్చినప్పుడు ట్రిబ్యునల్‌లో కంపెనీ వకీలు, ఉచితంగా వైద్యం చేయిస్తుంటే ఎందుకు వదిలేశావని నిలదీశాడు. "నొప్పి ఉందంటే వాళ్ళు నమ్మలేదు సార్" అన్నాను. డాక్టరమ్మ స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పింది. నేను అడిగినదంతా రాలేదు గానీ, రెండో ఆపరేషన్ ఖర్చు ఇప్పించారు. మోకాలు ఇప్పటికీ పూర్తిగా వంగదు.

బయట బెంచీమీద పెద్దమ్మ లవంగం నములుతూ కూర్చుంది. గెలిచావా అని అడగలేదు. "ఆకలైతలేదా బిడ్డా?" అంది.

ఉద్యోగం వచ్చి వేరే ఊరికి వెళ్ళాక అప్పుడప్పుడు ఫోన్ చేసేదాన్ని. "నాకేంది, మంచిగనే ఉన్న" అని తొందరగా పెట్టేసేది. ఆ ఇంట్లో ఆమె ఎవరితో మాట్లాడేదో నాకు తెలియదు.

నేను అశోక్‌నగర్ చేరేసరికి దహనం కూడా అయిపోయింది. ఇంటికి తాళం వేసి ఉంది. గేటు ముందు ఒక అమ్మాయి, భుజాన పుస్తకాల సంచీతో, గొళ్ళెం చప్పుడు చేస్తూ "ఆంటీ, రూమ్ ఉన్నదా?" అని పిలుస్తోంది. కాసేపు ఆగి, మళ్ళీ పిలిచింది.