ఉడకని కట్టు గుడ్డలు

ఒక మాట గొంతుకు అడ్డంపడి ఏళ్లయింది. మింగలేక, కక్కలేక మోస్తున్నాను. పాస్టరు గారికి చెప్పలేదు, కట్టుకున్నాయనకు చెప్పలేదు. రోజూ మోకాళ్లూని దేవుడికి అన్నీ విన్నవించుకుంటూ ఇదొక్కటీ దాటవేశాను. ఆయనకు తెలియదా ఏమిటి? తెలుసు. అయినా నా నోటితో అనలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది.

డెబ్బైల మొదట్లో సంగతి. కృష్ణా జిల్లాలో నర్సు చదువు ముగించుకొని, కొండాపూర్‌లో మిషన్ వాళ్ల చిన్న దవాఖానకు వచ్చాను. ఇవాళ అక్కడ అద్దాల మేడలు చూసేవాళ్లు నమ్మరు గానీ, అప్పుడు జొన్నచేలు, సీతాఫలం చెట్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న బండరాళ్లు. బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. దవాఖానంటే రెండు గదులూ పెంకుల వసారా. పక్కనే ప్రార్థన మందిరం. వారమంతా ఎసట్లో పోసే ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యాన్ని ఆడవాళ్లు కొంగున కట్టుకొచ్చి, ఆదివారం దేవుడి బల్ల ముందు పోసేవాళ్లు. ఆ బియ్యమే మా రోగులకు గంజి. అబ్బ, ఎంత మంచి రోజులవి! ఇప్పుడు తలుచుకున్నా కడుపు నిండినట్టుంటుంది.

ఆ గంజి కాచేది సంతోషమ్మ. ఆ ఊరి మనిషే. భర్త పోయాక దవాఖాన వెనక గదిలోనే ఉండేది. ఊడ్చేది, పుండ్లు కడిగేది, పాత చీరలు చించి కట్టు గుడ్డలు చేసేది, వాడినవి ఉతికేది. మందిరంలో మాత్రం అరుదుగా కనపడేది. కూలివాళ్లకు ఆదివారమే తీరిక, ఆ రోజే రోగులు ఎక్కువ. ఆరాధనకు రావేమని అడిగితే నవ్వేది. "గిదేంది మరి? ఆయన కాళ్లే కడుగుతున్న గద, బిడ్డ!" అనేది. పాటలు రావు గనక తప్పించుకుంటోందని లోలోపల నవ్వుకున్నాను. నాకు గొంతు బాగుండేది లెండి, ఆ పొగరు. నేను కాస్త వాడిపోయి కనిపిస్తే చాలు, వేడి జొన్నరొట్టె చేతిలో పెట్టి తినేదాకా కదిలేది కాదు. అమ్మ గుర్తొచ్చి ఏడ్చిన రోజుల్లో నా తల దువ్వింది ఆమే.

గుడ్డలు ఉతకడం ఆమె పని, ఉడకబెట్టడం నా పని. నీళ్లు సలసల మరిగి, బాగా ఉడికేదాకా పొయ్యి దగ్గర నిలబడాలి. డాక్టరమ్మ గట్టిగా చెప్పిన మాట.

ఆ ఆదివారం సిటీ నుంచి మిషన్ పెద్దలు వచ్చారు. ఆరాధనలో ఒంటిగా పాడవలసింది నేను. కొత్త చీర కట్టుకున్నాను. సంతోషమ్మ గుడ్డలు ఉతికి నాకప్పగించి, బాలింతను చూడటానికి వెళ్లింది. కట్టెలు పచ్చివి. పొగ. నీళ్లు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి, గంట మోగింది. చీరకు పొగ వాసన పడుతుందని విసుగు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. గుండిగ దించి, గుడ్డలు పిండి ఆరేసి, పాడటానికి పరుగెత్తాను. బాగా పాడానట. అందరూ మెచ్చుకున్నారు.

తిరిగొచ్చాక సంతోషమ్మ అడిగింది, "మంచిగ ఉడికినయా బిడ్డ?" అని. ఆ, అన్నాను.

ఆ వారమే నార్సింగి నుంచి మల్లయ్య అని రాళ్లు కొట్టే మనిషి వచ్చాడు. పాదం మీద బండ పడింది. ఆ గుడ్డలతోనే కట్టాను. పుండు కుళ్లింది. ఒళ్లు కాలిపోతుంటే ఎడ్లబండిలో మళ్లీ మా దగ్గరికే తెచ్చారు. సిటీ పెద్దాసుపత్రికి పంపితే, అక్కడ పాదం తీసేశారు.

ఆ ఆదివారం గుడ్డలు ఎవరు ఉడకబెట్టారని డాక్టరమ్మ అడిగింది. నేనే అనడానికి ఎంతసేపు పడుతుంది? సంతోషమ్మ నా మొహం చూసింది. "నేనే అమ్మా. నాదే తప్పు" అంది. పనిలోంచి తీసేశారు. గది ఖాళీ చేయమన్నారు.

మూట కట్టుకుంటుంటే వెళ్లాను.

"నేనని నీకు తెలుసుగా పెద్దమ్మా. ఎందుకు చెప్పలేదు?"

"తెల్వకేంది? కట్టెలు సగం గూడ కాలలే."

"మరి?"

"నువ్వు పోతే సూదులెవరేస్తరు? కాన్పులెవరు జేస్తరు? గుడ్డలుతికేటోళ్లు ఇంకొకరు దొరుకుతరు. నా ఫికర్ చెయ్యకు. ఇగ మీదన్న జర నిలబడి ఉడకబెట్టు బిడ్డ."

తిట్టి ఉంటే బాగుండేది. రెండు చెంపలూ వాయించినా బాగుండేది. వాకిలి ఊడ్చి, చీపురు మూలన పెట్టి, మణికొండలో కూతురింటికి నడిచి వెళ్లిపోయింది.

మణికొండ ఎంత దూరం గనక? ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఉద్యోగం పోతే చెల్లెళ్ల గతి ఏమిటని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. నా పేరు పోతుందని భయం, అంతే. ఆమె చనిపోయిందని ఎవరో చెబితే గుండె పగిలింది. నిజమే. కానీ ఇక ఎవరికీ తెలియదన్న నిమ్మళం కూడా ఆ ఏడుపులోనే ఎక్కడో ఉంది కదా అని, ఇన్నేళ్లలో ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నానో లెక్కలేదు. ఆ తర్వాత ఏనాడూ పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. అది పశ్చాత్తాపమా, భయమా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఇంకొకటుంది. అన్నిటికన్నా నీచమైనది. పెద్ద నర్సునయ్యాక కొత్త పిల్లలకు పాఠం చెబుతూ, "మా దవాఖానలో ఒక ఆయా గుడ్డలు సరిగ్గా ఉడకబెట్టలేదు, పాపం ఒక మనిషి పాదం పోయింది" అని కథలా చెప్పేదాన్ని. అయ్యో, ఎంత నిర్లక్ష్యం, అనేవాళ్లు పిల్లలు. నేను తలూపేదాన్ని. ప్రతి ఏడూ, ప్రతి తరగతికీ.

క్షమించమని అడగను. మల్లయ్య లేడు, సంతోషమ్మ లేదు, ఇంకెవరు క్షమిస్తారు? కానీ అమ్మాయిలూ, మీలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ కథ దిద్దుకోండి. ఆ ఆయా పేరు సంతోషమ్మ. ఆమె గుడ్డలు శుభ్రంగానే ఉతికింది. ఉడకబెట్టనిది నేను.