అయిదు నోటు మీది ట్రాక్టర్

మా పక్క క్వార్టర్ మావయ్య ఉక్కు ప్లాంటులో, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసేవాడు. చేతికొచ్చిన ప్రతి నోటునూ ముందు తిరగేసి, వెనక బొమ్మ చూసేవాడు. ట్రాక్టర్ బొమ్మున్న అయిదు రూపాయల నోటొకటి మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దేవుడి పటాల పక్కన నిలబెట్టాడు. ఇంటికొచ్చినవాళ్లకి చూపించి, "రైతుని కాదర్రా, ట్రాక్టర్ని సూడండి. ఆ ఇనుము మనదే," అనేవాడు.

ఆయన రిటైరైన కొత్తలోనే గాంధీగారి బొమ్మతో కొత్త పది నోటు వచ్చింది. నేనూ వెంట ఉన్నాను, మా ఊరి పవర్ హౌస్ బజార్లో కూరలమ్మే ఆమె చిల్లరగా ఇస్తే అక్కడే తిరగేశాడు. ఖడ్గమృగం, ఏనుగు, పులి. ఇనుమన్నది ఎక్కడా లేదు. జనం తోసుకుంటున్నా మావయ్య కదల్లేదు.

"ఏటి మావయ్యా, ఎల్దామా?" అన్నాను.

"ఉండమ్మా," అని నోటు జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. "ఆ ఏనుగుని ఎప్పటికైనా కట్టాల కదా. గొలుసు మనదే."