పద్దెనిమిదో అంతస్తుకు తోడు

కోకాపేటలో దయ్యానికి తోడు పంపిన మనిషి ఈ భూమ్మీద గోవిందప్ప ఒక్కడే. సరే, దయ్యం అన్నది కాస్త ఎక్కువైంది. తోడు పంపిన మాట మాత్రం నిజం. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, ఏదీ ఒంటరిగా ఉంటే చూడలేడు.

గొడుగు కొంటే రెండు, టార్చిలైటు కొంటే రెండు, ఫ్లాస్కు కొంటే రెండు. పుప్పాలగూడలో వాళ్ల అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎవరైనా ఒక్కరే ఎక్కితే, పాపమని ఇరవయ్యో అంతస్తు దాకా వెళ్లి దిగబెట్టి వస్తాడు. ఇంతా చేసి, నెల తిరిగేసరికి ఇంట్లో ప్రతి జతలోనూ ఒకటే మిగిలేది. రెండోది ఏమైందని భార్య రత్నమ్మ అడిగితే, యాడో పెట్టి మరిచినా అనేవాడు.

అలాంటివాడు ఓ రోజు బొమ్మ రాకెట్ కిట్టు తెప్పించాడు. విచిత్రంగా, ఒక్కటే. రత్నమ్మకు అప్పుడే అనుమానం వచ్చింది. పెట్టెలో అట్టగొట్టం, ముక్కు, రెక్కలు, మందు కూరిన వేలెడంత మోటారు. గోవిందప్ప ఆ ఒంటరి మోటారును చాలాసేపు జాలిగా చూశాడు. తర్వాత దానికి తోడుగా ఇంకో రెండు మోటార్లు తెప్పించి, రాకెట్ అడుగుభాగం కోసి, మూడు మోటార్లు పట్టేలా గొట్టాలు పక్కపక్కనే అతికించాడు.

"రెండు చాలవా?" అంది రత్నమ్మ.

"రెంట్లో ఒకటి అంటుకోలేదనుకో, రెండోది ఒంటిది అయిపోదా?"

మునిమాపువేళ ఆయన రాకెట్‌ను చంకన పెట్టుకుని బయల్దేరితే, ఆమె కూడా వెంట నడిచింది. ఆయన ఆగింది కోకాపేటలో, పని ఆగిపోయి మూడేళ్లుగా అలాగే నిలబడ్డ ఓ టవర్ ముందు. చుట్టూ ఆఫీసు అద్దాలన్నీ వెలుగుతున్నాయి. అదొక్కటే పళ్లూడిన నోరులా చీకటిగా ఉంది. కాపలా మనిషి పోచమ్మ రేకుల గది ముందు మూట కట్టుకుని కూర్చుంది. కొలువు వదిలితే ఆ గదీ పోతుంది. ఆమెకు వేరే నీడ లేదు.

గాలి లేచింది. పద్దెనిమిదో అంతస్తు నుంచి సన్నని ఏడుపు. రత్నమ్మ భర్త వెనక్కి జరిగింది.

"రోజూ గిదే, అమ్మా. ఇగ నాతోని కాదు, పోత" అంది పోచమ్మ.

"యాడికి పోతావు పోచక్కా? అది నా రాకెట్టే. పోయిన నెల ఎగరేస్తే ఆడ ఇరుక్కునింది. ఒంటిది గదా, ఏడుస్తాంది. దానికే ఈ పొద్దు తోడు పంపిస్తాండా."

బ్యాటరీ తీగలు కలిపాడు. రెండు మోటార్లే అంటుకున్నాయి. రాకెట్ వంకర తిరిగి, బుస్సుమంటూ లేచి, సరిగ్గా ఆ అంతస్తులోకే దూరింది. పడిన చప్పుడు లేదు. పది లెక్కపెట్టేంతసేపు ఏమీ లేదు. అప్పుడు అక్కడ, మూడో మోటారు కాబోలు, ఎర్రగా వెలిగింది. ఆ వెలుగు, ఎవరో దీపం పట్టుకుని గదులన్నీ చూసుకుంటున్నట్టు, ఈ కొస నుంచి ఆ కొసకు తీరిగ్గా సాగి ఆరిపోయింది.

ఏడుపు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది, ఈసారి రెండు గొంతులతో.

పోచమ్మ చెవి ఒగ్గి విన్నది. "ఏడుస్తలేవు సారూ. ముచ్చట పెట్టుకుంటున్నయ్" అని మూట విప్పడం మొదలుపెట్టింది.

అందులోంచి గొడుగు వచ్చింది. టార్చిలైటు వచ్చింది. ఫ్లాస్కు వచ్చింది. రత్నమ్మ ఇంట్లో జత తప్పిన సామానంతా వరసగా బయటికొచ్చి గది గూట్లోకి చేరింది. ఆమె గూటి నుంచి చూపు తిప్పి భర్త వంక చూసింది. ఆయన ఆకాశం వంక చూశాడు.

ఇంటిదారిలో సగం దూరం వచ్చాక ఆమె ఆగింది.

"ఏమయ్యా, పోయిన నెల మనింట్లో రాకెట్టే లేదే. మరి ముందునించీ ఏడుస్తాండేది ఏంది?"

గోవిందప్ప మసి చేతులు పంచెకు తుడుచుకుంటూ, యాడో పెట్టి మరిచినా అనే గొంతుతోనే అన్నాడు.

"యా రాకెట్టు? నేనీ పొద్దు ఇల్లే కదల్లేదు."