అతుకు మీద యాదమ్మ

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల పక్కన తోపుడుబండి మీద వరిగడ్డిలో మాగిన మామిడిపళ్ల వాసన తగిలితే చాలు, ఎక్కడికి బయల్దేరానో మరిచిపోయి నా కాళ్లు గడ్డిఅన్నారం వైపు తిరుగుతాయి.

అక్కడి పండ్ల మార్కెట్ ఎదురుగా నాన్నకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పెట్టుకున్నాడు. నా వేసవి సెలవులన్నీ అందులోనే గడిచాయి: తెల్లారకముందే లారీల హారన్లు, వేలంపాటల కేకలు, చితికిన పళ్ల మీద ముసిరే ఈగలు, గడ్డిపోచలు ఎగిరొచ్చి అతుక్కునే అద్దాల తలుపు, మోచేతుల దాకా కారే రసం, టెంక ఎవరు దూరం విసురుతారని పక్క కొట్టు పిల్లలతో పందేలు.

ఒక ఏడు సీజను చివర్లో మార్కెట్‌వాళ్లంతా కలిసి ఫోటో దిగాలనుకున్నారు. వరుస ఎంత పొడుగంటే ఒక్క ఫోటోలో పట్టలేదు. నాన్న కెమెరా చేత్తో పట్టుకుని, ఉన్నచోటే తిరుగుతూ మూడు ఫోటోలు తీసి, ప్రింట్లు కత్తిరించి అట్ట మీద పక్కపక్కన అతికించాడు. వెనక దూరంగా ఉన్న షెడ్డు కప్పు గీత గీసినట్టు కలిసింది. అందరికన్నా ముందు, గంప పక్కన నిలబడ్డ యాదమ్మ మాత్రం సరిగ్గా అతుకు మీద పడి, సగం మొహంతో మిగిలింది.

యాదమ్మ నల్లగొండ పల్లె నుంచి వచ్చి మార్కెట్ గేటు దగ్గర పండ్లమ్ముకునేది. నేను కనిపిస్తే మెత్తటి పండు ఏరి చేతిలో పెట్టేది. ఆ ఫోటో చూసి ఆమె నాన్న వైపు తిరిగింది.

"షావుకార్లందరు నిండుగున్నరు. గంపల అమ్ముకునేదాన్నని నన్నే కోసినవా సార్?"

"అయ్యో, కావాలని కాదమ్మా" అని నాన్న అంటూండగానే వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి నాన్నకు కుదురు లేదు. అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. లెన్స్ విప్పి బిగించాడు, ట్రైపాడ్ మట్టం చూశాడు, ప్రింట్లు మళ్లీ మళ్లీ జరిపాడు. షెడ్డు కలిపితే యాదమ్మ విరిగేది, యాదమ్మని కలిపితే షెడ్డు విరిగేది. చివరికి మన్సూరాబాద్‌లో మా అద్దె ఇంటి డాబా మీద చీపురుకట్ట నిలబెట్టి, దాని వెనక దూరాన కనిపించే నీళ్ల ట్యాంకుతో కలిపి కెమెరాలోంచి చూస్తూ అటూ ఇటూ తిరగసాగాడు. అటు తిరిగితే చీపురు ట్యాంకుకి ఎడమన, ఇటు తిరిగితే కుడిన.

వడియాలు పెడుతున్న అమ్మ తలెత్తింది. "మీరు తిరిగినప్పుడల్లా కెమెరా కూడా జానెడు పక్కకి జరుగుతోందండీ. అది ఒక్కచోట ఉంటేగా దగ్గరున్న చీపురు దూరాన ఉన్న ట్యాంకుని వదలకుండా ఉండేది!"

నాన్న వెంటనే కెమెరాని ట్రైపాడ్‌కి బిగించి తిప్పి చూశాడు; లెన్స్ ఇరుసుకి ముందుండటంతో అప్పుడూ కొంచెం జరుగుతూనే ఉంది. మర్నాడే ఎల్బీనగర్‌లో వెల్డింగ్ అతనితో ఇనుప పట్టీ చేయించి, దాని మీద కెమెరాని వెనక్కి జరిపి, లెన్స్ సరిగ్గా ట్రైపాడ్ ఇరుసు మీదకు వచ్చేలా బిగించాడు. వెంట్రుకవాసి చొప్పున జరపడానికి రెండు రోజులు పట్టింది. ఎంత తిప్పినా చీపురు ట్యాంకుని వదలని క్షణాన "ఇదిగో, రా చూడు!" అని అమ్మని కేకేశాడు. వడియాల పిండి చేతులతోనే అమ్మ చూసింది.

నాన్న అందర్నీ బతిమాలి మళ్లీ నిలబెట్టాడు. యాదమ్మని మధ్యలోకి రమ్మన్నాడు.

"నేను రాను. గప్పుడు నిలబడ్డ జాగలనే నిలబడ్త. ఎట్ల తీస్తవో తియ్యి."

అతికించిన కొత్త ఫోటోని నాన్న ఆమె గంప దగ్గరికే తీసుకెళ్లాడు. యాదమ్మ కొంగుతో వేలు తుడుచుకుని అతుకు మీద పెట్టి, నుదుటి నుంచి ముక్కు మీదుగా గంప దాకా మెల్లగా జరిపింది.

"ఉన్న" అంది. "గీడ నేనున్న సార్."

నాన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఇప్పుడు నాన్న లేడు, స్టూడియో లేదు. మార్కెట్ ఊరవతలికి తరలిపోయింది. యాదమ్మ ఏమైందో చెప్పేవాళ్లు దొరకలేదు. నిన్న ఆ స్థలం చుట్టూ కట్టిన రేకుల కంచె ముందు, ఫోన్ చేత్తో పట్టుకుని, పొడుగు ఫోటో తీస్తూ ఊరికే ఒక చుట్టు తిరిగాను. ట్రైపాడ్ లేదు, పట్టీ లేదు. అయినా బొమ్మ ఎక్కడా విరగకుండా అతికింది. దగ్గరగా నిలబడ్డ మనిషి ఒక్కరూ లేరు మరి.